బయోరియాక్టర్ ల్యాండ్‌ఫిల్: చెత్తకు పదును తప్పనివ్వని పద్ధతి

పూడ్చిన చెత్తలోంచి అడుక్కు దిగే ఊటనీటిని పట్టి, మళ్ళీ ఆ చెత్తలోకే ఎక్కించి, దాన్ని త్వరగా కుళ్ళబెట్టేందుకు కట్టిన గుంతను బయోరియాక్టర్ ల్యాండ్‌ఫిల్ అంటారు. ఆ ఊటనీటికి ఇంజనీర్లు, పత్రికలవాళ్ళు వాడే పేరు లీచెట్. అది నల్లగా, చిక్కగా, దగ్గర నిలబడలేనంత కంపుతో ఉంటుంది. మామూలు ల్యాండ్‌ఫిల్‌లో చెత్తను వీలైనంత పొడిగా ఉంచి, పైన మూత వేసి, ఊరిన లీచెట్‌ను బయటికి తోడి శుద్ధి చేస్తారు. నీళ్ళు తగలని చెత్త కుళ్ళదు. ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాత తవ్వినా కాగితం మీద అక్షరాలు చదువుకోగలిగేట్టే ఉంటుంది. అందుకే ఆ పద్ధతికి 'పొడి సమాధి' అనే పేరు పడింది. బయోరియాక్టర్ దారి దీనికి పూర్తిగా ఎదురు. చెత్తకు తేమ అందించి, పాతికేళ్ళ పనిని కొద్ది ఏళ్ళలో పూర్తిచేయించడం దాని ఉద్దేశం.

రాయలసీమ రైతుకు ఇందులో కొత్తేమీ లేదు. పుట్టపర్తికీ కదిరికీ నడుమ ఉన్న నల్లమాడ పల్లెల్లో పెంటదిబ్బను చూసినవారికి సూత్రమంతా అక్కడే కనిపిస్తుంది. పేడ, కసువు, శనక్కాయ పొట్టు దిబ్బమీద వేస్తారు. పశువుల కొట్టం కడిగిన నీళ్ళు వృథాగా పోకుండా దిబ్బవైపే మళ్ళిస్తారు. చలికాలం పొద్దున్నే పారతో పెళ్ళగిస్తే ఆవిరి లేస్తుంది. పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు నిలవాలి. ధారగా కారితే తేమ ఎక్కువైనట్టు, పొడిపొడిగా రాలితే తక్కువైనట్టు. దుక్కికి నేల తగిన తడితో ఉండడాన్ని రైతు 'పదును' అంటాడు. చెత్తకొండ మొత్తాన్ని ఏడాది పొడవునా పదును మీద ఉంచడమే బయోరియాక్టర్ ఇంజనీరింగ్.

చెత్త లోపల ఏం జరుగుతుంది

చెత్త పడిన కొద్ది రోజుల్లోనే లోపలి ఆక్సిజన్ అయిపోతుంది. ఆ తర్వాత గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పనిలోకి దిగుతాయి. ఒక గుంపు అన్నం, కూరగాయల తొక్కలు, ఆకులు, కాగితం వంటివాటిని విడగొట్టి ఆమ్లాలుగా మారుస్తుంది. ఈ దశలో లీచెట్ పీహెచ్ 5 నుంచి 6 దాకా పడిపోతుంది, కంపు విపరీతంగా ఉంటుంది. రెండో గుంపు ఆ ఆమ్లాలను తిని మీథేన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అది బాగా కుదురుకున్నాక వచ్చే వాయువులో మీథేన్ సగానికి పైగా ఉంటుంది, పీహెచ్ 7 దాటుతుంది, లీచెట్‌లో కుళ్ళగలిగిన పదార్థం తగ్గిపోతుంది.

ఈ రెండు గుంపుల మధ్య పొత్తు చెడితే మొత్తం పని చెడుతుంది. మొదటి గుంపు జోరుగా పెరుగుతుంది, రెండోది నిదానంగా. కొత్త చెత్త మీద కొత్త లీచెట్‌నే తొందరపడి పోస్తే ఆమ్లం పేరుకుపోయి మీథేన్ జీవులు చచ్చిపోతాయి. దోసెల పిండి మరీ పులిసిపోయినట్టే చెత్తా పులిసిపోతుంది. మన ఊళ్ళ చెత్తలో వంటింటి వ్యర్థం పాలు ఎక్కువ కాబట్టి ఈ ప్రమాదం అమెరికా, ఐరోపాల కంటే ఇక్కడే ఎక్కువ. విరుగుడు ఉంది. మొదట్లో తక్కువగా ఎక్కించాలి. మీథేన్ దశకు చేరిన పాత గుంత లీచెట్‌ను కలపాలి. అవసరమైతే సున్నమో సోడియం బైకార్బనేటో చేర్చాలి. మురుగుశుద్ధి కేంద్రంలో మాగిన బురద తోడులా పనిచేస్తుంది.

చరిత్ర

అమెరికాలో జార్జియా టెక్ ఆచార్యుడు ఫ్రెడరిక్ పోలాండ్ 1970 దశకంలో చేసిన ప్రయోగాలు ఈ విద్యకు పునాది. పెద్ద గొట్టాల్లో చెత్త నింపి, ఒకదానిలో లీచెట్‌ను తిప్పి పోస్తూ, ఇంకొకదాన్ని మామూలుగా వదిలేసి చూశాడు. తిప్పిపోసినది చాలా ముందుగా స్థిరపడింది. అదే దశకంలో కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో, 1990ల నుంచి యోలో కౌంటీలో నేలమీద పరీక్షలు జరిగాయి. డెలావేర్‌లోనూ ఫ్లోరిడాలోనూ పూర్తి స్థాయి గుంతల్లో లీచెట్ తిప్పారు. అమెరికా పర్యావరణ సంస్థ 2003లో ఇచ్చిన చట్టపరమైన నిర్వచనం ఆలోచించదగినది. లీచెట్ కాక వేరే ద్రవం కూడా చేర్చి, చెత్త బరువులో సగటున కనీసం 40 శాతం తేమ ఉండేలా చేస్తేనే దాన్ని బయోరియాక్టర్‌గా లెక్కిస్తారు. అంటే ఊరిన నీటిని తిప్పినంత మాత్రాన చాలదని అక్కడి చట్టమే ఒప్పుకుంది. ఎండ ప్రాంతానికి ఈ మాట ఎంత బరువైనదో ముందుముందు తెలుస్తుంది.

జపాన్ వేరే దారి పట్టింది. ఫుకుఓకా విశ్వవిద్యాలయంలో మసతక హనాషిమా బృందం రూపొందించిన అర్ధవాయు పద్ధతిలో అడుగున పెద్ద గొట్టాలు వేసి, వాటిగుండా గాలి తనంతట తాను లోపలికి వెళ్ళేలా చేస్తారు. కరెంటు అక్కర్లేదు, మీథేన్ తక్కువ. మన దేశంలో అన్నా విశ్వవిద్యాలయంలో కురియన్ జోసెఫ్ బృందం చెన్నై కొడుంగైయూర్ చెత్తతో బయోరియాక్టర్ పరిశోధన చేసింది.

ఈ రంగంలో తెలుగువాడి పాలు చిన్నది కాదు. ఉస్మానియాలో సివిల్ ఇంజనీరింగ్ చదివి షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన కృష్ణ ఆర్. రెడ్డి, ఆర్చర్డ్ హిల్స్ ల్యాండ్‌ఫిల్ చెత్త మీద విస్తారంగా పరీక్షలు చేశారు. కుళ్ళేకొద్దీ చెత్త బలం ఎలా మారుతుంది, ఎక్కించిన నీరు ఎంత దూరం పాకుతుంది, ఆ ఒత్తిడికి వాలు నిలుస్తుందా లేదా అన్న మూడు ప్రశ్నలనూ కలిపి లెక్కగట్టే నమూనాలు ఆయన బృందం ఇచ్చింది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన జి.ఎల్. శివకుమార్ బాబు ఆ నగర శివారులోని మావళ్ళిపుర చెత్త మీద ఇలాంటి పనే చేశారు.

ఎండసీమలో నీటి లెక్క

నల్లమాడ ఉన్న శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి విడివడింది. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ల్యాండ్‌ఫిల్ వాయువును లెక్కించేటప్పుడు అమెరికా పర్యావరణ సంస్థ 635 మిల్లీమీటర్ల కంటే తక్కువ వానపడే చోటును పొడి ప్రాంతంగా తీసుకుంటుంది. అక్కడ చెత్త కుళ్ళే వేగాన్ని ఏడాదికి 0.02గా, తేమ ప్రాంతాల మామూలు గుంతలో 0.04గా, బాగా తడిపిన గుంతలో 0.3గా వేస్తారు. ఇంట్లో మాట్లాడుకునే భాషలో చెప్పాలంటే, వాయువునిచ్చే శక్తి సగానికి తగ్గడానికి పొడి ప్రాంతంలో సుమారు 35 ఏళ్ళు, తేమ ప్రాంతంలో 17 ఏళ్ళు, తడి గుంతలో రెండేళ్ళ నాలుగు నెలలు పడుతుంది. నల్లమాడ, ధర్మవరం, పెనుకొండ ఏ మాత్రం సందేహం లేకుండా మొదటి వరసలోకి వస్తాయి. ఇక్కడ పూడ్చి వదిలేసిన చెత్త మన మనవల కాలానికి కూడా చెత్తగానే మిగులుతుంది.

కాబట్టి నీరు కావాలి. ఎంత కావాలో ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో హిందూపురంలో సుమారు లక్షన్నర, ధర్మవరంలో సుమారు లక్షా ఇరవై వేల మంది ఉన్నారు. మనిషికి రోజుకు 350 గ్రాముల చెత్త అనుకుంటే రెండు పట్టణాలవీ కలిపి 94 టన్నులు దాటుతుంది. తడి చెత్తను ఎరువుకు, పొడి చెత్తను పునర్వినియోగానికి పంపాక, ఎటూ వేరుచేయలేని మిశ్రమం 20 టన్నులు మిగిలిందని, దానిలో తేమ 25 శాతమని అనుకుందాం. ఒక టన్నులో 750 కిలోలు పొడి పదార్థం, 250 కిలోలు నీరు. తేమను 45 శాతానికి పెంచాలంటే నీరు 614 కిలోలు ఉండాలి. టన్నుకు 364 లీటర్లు చేర్చాలన్నమాట. 20 టన్నులకు రోజుకు 7,300 లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఒకటిన్నర.

గుంతలో ఊరే లీచెట్ ఈ అవసరానికి సరిపోతుందా? 20 టన్నుల చొప్పున పదేళ్ళు నింపే గుంతకు, పది మీటర్ల సగటు ఎత్తులో, ఒక హెక్టారు చాలు. ఆ హెక్టారు మీద ఏడాదికి పడే వాన 55 లక్షల లీటర్లు. ఈ ఎండలకు ఆవిరైపోగా అందులో పదో వంతు నుంచి ఐదో వంతు లోపలికి దిగుతుందనుకున్నా, రోజుకు 1,500 నుంచి 3,000 లీటర్లే. సగానికి పైగా లోటు. ఆ లోటును బోరు నీళ్ళతో పూడ్చడం ఈ సీమలో పాపం. మంచినీటి కోసం, ఫ్లోరైడ్ బాధ తీరడం కోసం 1990లలో సత్యసాయి ట్రస్టు వందల గ్రామాలకు గొట్టాలు వేయవలసి వచ్చిన జిల్లా ఇది. తాగే నీటిని, పైరుకు కట్టే నీటిని చెత్తకు పోయడానికి ఎవరికీ హక్కు లేదు. మిగిలిన దారి ఒకటే: పట్టణ మురుగుశుద్ధి కేంద్రంలో శుద్ధిచేసిన నీరు, సెప్టిక్ ట్యాంకులు తోడిన బండ్ల ద్రవం. రెండోదానితో పాటు సూక్ష్మజీవులు కూడా వస్తాయి. గుంతకు చోటు వెతికేటప్పుడే మురుగుశుద్ధి కేంద్రం ఎంత దూరమో చూడాలి. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ.

ఇంకో సంగతి మరవకూడదు. ఎండసీమకు కుండపోత కొత్త కాదు. 2021 నవంబరులో చిత్రావతి నది పొంగినప్పుడు వరదలో చిక్కుకున్నవాళ్ళను వాయుసేన హెలికాప్టర్ దింపి కాపాడాల్సి వచ్చింది. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే తెరిచి ఉన్న హెక్టారు మీద పది లక్షల లీటర్లు పడతాయి. కాబట్టి గుంతను చిన్న గదులుగా విభజించి ఒకసారి ఒక గదినే తెరవాలి, మిగతావాటి మీద షీటు కప్పాలి, లీచెట్ తొట్టిని సగటు వానకు గాక ఆ ఒక్క రోజు వానకు సరిపడా కట్టాలి.

అడుగు పొర

2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ల్యాండ్‌ఫిల్ అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిమీద 1.5 మిల్లీమీటర్ల మందం హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు ఉండాలన్నాయి. మట్టిగుండా నీరు దిగే వేగం సెకనుకు ఒక సెంటీమీటరులో కోటో వంతును మించకూడదు. భూగర్భజలం ఎంత పైకి వచ్చినా మట్టిపొరకు కనీసం రెండు మీటర్ల కింద ఉండాలి. బెంగళూరువాసి అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం 2000 నాటి తొలి నియమాలకు దారితీసింది. 2016వి వాటి స్థానంలో వచ్చాయి.

నల్లమాడ చుట్టుపక్కల ఎర్ర ఇసుకనేలలు ఎక్కువ. ఆ మట్టిని ఎంత దిమ్మిస కొట్టినా నియమం అడిగినంత బిగుసుకోదు. బెంటోనైట్ బంకమట్టి కలపాలి. ఆ నేల కింద పగుళ్ళున్న గ్రానైటు. మామూలు ఒండ్రునేలలో కలుషితం మెల్లగా పాకుతుంది, దారిలో కొంత వడకట్టుకుంటుంది. రాతిపగులులో ఆ ఓపిక ఉండదు. షీటుకు ఒక చిరుగు పడి, కింద ఒక పగులు దొరికితే, లీచెట్ నేరుగా వందల అడుగుల లోతు బోర్లలోకే దారి చూసుకుంటుంది. షీటు అతుకులన్నిటినీ గాలి ఒత్తిడితో పరీక్షించాలి, పరిచాక విద్యుత్ పద్ధతిలో చిల్లులు వెతకాలి. ఖర్చు తగ్గించుకోకూడని చోటు ఏదైనా ఉంటే అది ఇదే.

షీటు మీద 30 సెంటీమీటర్ల కంకర, అందులో చిల్లుల గొట్టాలు, నూటికి రెండు వంతుల వాలు ఉండాలి. షీటు మీద నిలిచే లీచెట్ 30 సెంటీమీటర్లు దాటకూడదు. తిప్పిపోసే గుంతలో ఈ గొట్టాలకు సున్నపు పొర, జిగురు పట్టడం మామూలు కన్నా ఎక్కువ, కాబట్టి కడగడానికి రెండు చివర్లా తెరుపులు వదలాలి.

నీళ్ళు కట్టే తీరు

లీచెట్‌ను పైన మడుగు కట్టి ఇంకించవచ్చు, చల్లవచ్చు, నిలువు బావుల్లో పోయవచ్చు. మడుగూ చల్లడమూ కంపును ఊరిమీదికి పంపుతాయి. నిలువు బావి చుట్టూ మాత్రమే తడుస్తుంది. ఎక్కువ చోట్ల మేలనిపించుకున్నవి చెత్తలో అడ్డంగా తవ్విన కందకాలు. అరవై సెంటీమీటర్ల వెడల్పు, తొంభై సెంటీమీటర్ల లోతు కందకంలో కంకర పోసి, మధ్యలో చిల్లుల హెచ్‌డీపీఈ గొట్టం వేసి, పైన జియోటెక్స్‌టైల్ గుడ్డ కప్పుతారు. మన ఉదాహరణ గుంత వంద మీటర్ల చదరం. అంచుల నుంచి 15 మీటర్లు వదిలేస్తే 70 మీటర్ల చదరం మిగులుతుంది. ఇరవై మీటర్లకు ఒకటి చొప్పున నాలుగు కందకాలు పడతాయి. రోజుకు ఒక కందకానికే నీరు వదిలితే, మీటరుకు సుమారు 100 లీటర్లు. నాలుగు రోజులకు ఒకసారి వంతు వస్తుంది. చెరువు కింద మళ్ళకు వంతులవారీగా నీళ్ళు కట్టే ఊరికి ఈ పద్ధతి వివరించనక్కర్లేదు.

చెత్త పైభాగం వదులుగా, అడుగు బిగుతుగా ఉంటుంది. లోతుకు వెళ్ళేకొద్దీ నీరు దిగే వేగం వందల రెట్లు పడిపోతుంది. నీరు కిందికి కన్నా పక్కకు ఎక్కువ పాకుతుంది. రోజూ చెత్త మీద మట్టి కప్పితే ఆ పొరల మీద నీరు నిలిచిపోయి పక్కవాలు నుంచి కారుతుంది. అందుకే ఇలాంటి గుంతలో మట్టి బదులు తీసి మళ్ళీ వాడే టార్పాలిన్ గానీ, ఎరువు తయారీలో మిగిలిన గరుకు పదార్థం గానీ కప్పాలి. మొదటి కందకానికి కింద కనీసం నాలుగైదు మీటర్ల చెత్త ఉండాలి, లేకపోతే పోసిన నీరు చెత్తను తడపకుండానే అడుక్కు జారిపోతుంది.

ఈ జాగ్రత్తలు పుస్తకాల కోసం రాసినవనుకుంటే బొగొటా గుర్తు చేసుకోవాలి. కొలంబియా రాజధానిలోని దోన్యా హువానా ల్యాండ్‌ఫిల్‌లో లీచెట్‌ను ఒత్తిడితో చెత్తలోకి ఎక్కించేవారు. 1997 సెప్టెంబరు 27న సుమారు ఎనిమిది లక్షల ఘనమీటర్ల చెత్త ఒక్కసారిగా జారి లోయలోకి పోయింది. లోపల పెరిగిన నీటి ఒత్తిడే కారణమని తర్వాతి విశ్లేషణలు తేల్చాయి. వాలు మూడింటికి ఒకటి కన్నా నిటారుగా ఉండకూడదని, లోపలి నీటి మట్టాన్ని కొలిచే గొట్టాలు తప్పనిసరని, వాన రోజుల్లో ఎక్కించడం ఆపాలని ఇంజనీర్లు పట్టుబట్టడం వెనక ఈ ఘటన ఉంది.

వాయువు, మిగిలే చిక్కులు

తడి గుంతలో మీథేన్ త్వరగా, దండిగా వస్తుంది. దాన్ని పట్టే గొట్టాలు నీళ్ళు వదలకముందే వేయాలి. గాలిలో 5 నుంచి 15 శాతం మీథేన్ ఉంటే పేలుతుంది. 2016 నియమాల ప్రకారం గుంత దగ్గర అది పేలే కనీస స్థాయిలో నాలుగో వంతును, అంటే 1.25 శాతాన్ని దాటకూడదు. రోజుకు 20 టన్నుల గుంతలో కరెంటు తయారీ గిట్టుబాటు కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మంటలో కాల్చేయడం, చివరి దశలో మాగిన ఎరువుపొర కప్పి అందులోని సూక్ష్మజీవులచేత మీథేన్‌ను తినిపించడం మేలు.

చెత్త ఎత్తులో పది నుంచి ముప్ఫై శాతం దాకా కుంగుతుంది. ఆ జాగాలో మళ్ళీ చెత్త వేయవచ్చు. తగ్గనిది అమోనియా. గాలి లేని చోట దాన్ని విరిచే పని దాదాపు జరగదు కాబట్టి తిప్పిన ప్రతిసారీ పేరుకుంటుంది, లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటడం సాధారణం. ఉప్పు కూడా అంతే. అందుకని ఎంత తిప్పినా చివరికి బయట ఒక శుద్ధి కేంద్రం కట్టక తప్పదు.

జవహర్‌నగర్ చెప్పేది

తెలుగు నేల మీద లీచెట్ సంగతి అందరికీ తెలియజెప్పిన చోటు హైదరాబాద్ శివారులోని జవహర్‌నగర్. అడుగు పొర లేకుండా ఏళ్ళ తరబడి పోసిన చెత్త సుమారు కోటీ ఇరవై లక్షల టన్నులకు చేరింది. దాని ఊటనీరు మల్కారం చెరువును నల్లగా మార్చింది. తర్వాత కొండకు మూత వేశారు, 2020లో 19.8 మెగావాట్ల విద్యుత్ కేంద్రం మొదలైంది, 2023 ఏప్రిల్‌లో రోజుకు 20 లక్షల లీటర్ల లీచెట్ శుద్ధి కేంద్రాన్ని ప్రారంభించారు. మొదట ఒక షీటు పరిచి ఉంటే ఇంత బరువు మీద పడేది కాదు. హిందూపురానికి దక్షిణాన బెంగళూరు చెత్త మోసిన మావళ్ళిపుర, మండూరు గ్రామాలవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితేగాని అక్కడ చెత్త పోయడం ఆగలేదు.

పాత డంపింగ్ యార్డులను నీళ్ళు పోసి బయోరియాక్టర్లుగా మారుస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవలసిన పని లేదు. అడుగు పొర లేని చోట లీచెట్ ఎక్కించడమంటే బోర్లలోకి పోయడమే. పాత దిబ్బను తవ్వి, జల్లెడపట్టి, ఎరువుమట్టిని, ప్లాస్టిక్‌ను వేరుచేయడమే దానికి దారి. కొత్త ఉమ్మడి గుంతకు మాత్రం పర్యావరణ అనుమతి కావాలి, అందుకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. నల్లమాడలో గానీ, బుక్కపట్నంలో గానీ, ముదిగుబ్బలో గానీ అలాంటి సభ పెట్టిన రోజున ఊరివాళ్ళు రెండు కాగితాలు అడిగి చేతికి తీసుకోవాలి. ఒకటి షీటు అతుకుల పరీక్ష ఎవరు, ఎప్పుడు చేస్తారో రాసిన హామీ. రెండోది ఆ గుంతకు పోసే నీరు ఏ మురుగుశుద్ధి కేంద్రం నుంచి వస్తుందో చెప్పే ఒప్పందం.